ఎనభై ఎనిమిదో నంబరు కుడి భుజం

పెన్సిల్వేనియా కొండల్లోంచి న్యూజెర్సీకి తిరిగి వస్తూ ఒక పెద్దాయనా నేనూ కారులో మాట్లాడుకున్న మాటలు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. పెళ్లయ్యాక మా ఆయనకీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు ఉన్నదాన్ని, అయినా ఆ రోజు పేజీలో "గాలి ఎక్కువగా ఉంది, పులిహోర మిగల్లేదు" అని మాత్రమే రాసుకున్నాను. ఒకే ఒక్కడికి రెండు ముక్కలు చెప్పాను, అతనికి చెప్పక తప్పలేదు కనుక. వాటి చోటు వచ్చినప్పుడు అవేమిటో రాస్తాను.

ఆ పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఇప్పుడు చెబితే ఆయన పరువు తగ్గదు. పెరుగుతుందనే నా నమ్మకం.

మా ఇంటికి వచ్చే పిల్లలు, ఇక్కడే పుట్టి ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు, నా పాత ఉద్యోగం సంగతి వినగానే కళ్లు పెద్దవి చేస్తారు.

"ఆంటీ, సీరియస్‌గా? మీరు ఫుట్‌బాల్ టీమ్‌కి వర్క్ చేశారా?"

"చేశాను. కత్తిరించేదాన్ని."

"ఏంటి కత్తిరించేది?"

"ఫిల్మ్."

అక్కడితో వాళ్లకి సగం ఆసక్తి పోతుంది. మిగతా సగం ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో ఎడిసన్ అనే ఊళ్లో అమ్మానాన్నలతో ఉంటూ కాలేజీ ముగించిన రోజుల్లో, నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. ఇంటర్వ్యూల్లో ప్రశ్న అడిగినవాళ్ల బూట్లకి జవాబు చెప్పేదాన్ని. మనుషులతో పని లేని ఉద్యోగం కావాలని వెతికితే, మా ఊరికి గంట దూరంలో ఉన్న ఒక ప్రొఫెషనల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఫిల్మ్ గదిలో చోటు దొరికింది. ఆ ఆట పేరుకే ఫుట్‌బాల్, బంతిని చేత్తో విసిరి చేత్తోనే పట్టుకుంటారు. కిటికీ లేని గది. ఆటలన్నీ అప్పట్లో సన్నటి ఫిల్మ్ మీద తీసేవారు. కోచ్‌లకి ఏ ముక్క కావాలంటే ఆ ముక్క కత్తిరించి, అతికించి, రీలుకి చుట్టి ఇవ్వడం నా పని. చేతులకి తెల్లటి నూలు గ్లవ్స్. పక్కన బట్టల్లా వేలాడే ఫిల్మ్ ముక్కలు. పని లేని వేళ ఫిల్మ్ డబ్బా మూత చాటున పెట్టుకుని, ఓడ మీద నెలల ఆలస్యంగా వచ్చే తెలుగు వారపత్రికల్లో సీరియళ్లు చదివేదాన్ని. నాకు స్వర్గమే.

మా నాన్నగారికి మాత్రం ఇబ్బంది. ఒక ఆదివారం భోజనాల దగ్గర ఒక అంకుల్ అడిగారు.

"అమ్మాయి ఏం జాబ్ చేస్తోందండీ?"

"ఫిల్మ్ ఎడిటింగ్" అన్నారు నాన్న, అన్నం కలుపుకుంటూనే.

"సినిమాల్లోనా!"

అమ్మకి పొలమారింది. "సినిమాలు కాదండీ, ఆటలు. ఆటల ఫిల్మ్" అంది దగ్గుతూ.

"ఓహో. క్రికెట్టా?"

"ఆ, అలాంటిదే" అని నాన్న పెరుగు గిన్నె ఆయన వైపు జరిపారు.

ఇక పెద్దాయన గురించి. ఆయన మా జట్టుకి స్కౌట్. ఊరూరా తిరిగి, కాలేజీల్లో ఆడే కుర్రాళ్లని చూసి, ఎవరు పనికొస్తారో చెప్పడం ఆయన వృత్తి. ఏటా వసంతంలో ఒక రోజు జట్లన్నీ వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకుంటాయి. ఏడాది పొడుగునా ఆయన తిన్న రోడ్డు పక్క భోజనాలన్నీ ఆ ఒక్క రోజు కోసమే. ఆయన నన్ను "కిడ్డో" అని పిలిచేవారు. నా పేరు పలకలేక కాదు, ఆఫీసులో అందరినీ అలాగే పిలిచేవారు, ఆటగాళ్ల ఎంపిక చూసే డైరెక్టర్‌తో సహా. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే అయినా, ఎందుకో ఆ మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

ఆయనకో పద్ధతి ఉండేది. బంతి అందుకునే ఆటగాణ్ణి పరీక్షించేటప్పుడు, తెర మీద బంతి విసిరేవాడు కనిపించకుండా ఒక అట్టముక్క పట్టుకునేవారు. చాలాసార్లు ఆ అట్ట పట్టుకునే పని నాదే.

"విసిరేవాణ్ణి చూస్తే బంతి ఎప్పుడొస్తుందో నీకు ముందే తెలిసిపోతుంది కిడ్డో. అప్పుడు నువ్వు బంతిని చూస్తావు. నేను చూడాల్సింది బంతిని కాదు, దాని కోసం చూసేవాణ్ణి."

ఆ అట్ట పద్ధతికి ఆ చుట్టుపక్కల పేరుంది. వేరే జట్ల స్కౌట్లు కూడా నవ్వుతూ నవ్వుతూనే అలా చేసేవారట. ఆ ఏడాది మమ్మల్ని ముంచబోయింది కూడా ఆ అట్టే.

మా హెడ్ కోచ్‌కి ఆ ఏడు మంచి టైట్ ఎండ్ కావాలి. ఆ స్థానం ఏమిటో ఒక్క మాటలో చెబుతాను. వరసగా నిలబడి ఎదుటి జట్టుని భుజాలతో నెట్టే బరువైన వాళ్ల చివరన అతను నిలబడతాడు. వాళ్లతో పాటు నెట్టాలి, పిలుపు వస్తే పరుగెత్తి బంతీ అందుకోవాలి. పెళ్లిలో బల్లలు మోసినవాడే వెళ్లి పీటల మీద కూర్చోవడం లాంటిది. బల్లలు మోసేవాళ్లు చాలామంది దొరుకుతారు. పీటల మీద కూడా నప్పేవాడు అరుదు.

పెద్దాయన పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీలో అలాంటివాణ్ణి చూశానన్నారు. ఎనభై ఎనిమిదో నంబరు కుర్రాడు. ఇబ్బంది ఏమిటంటే ఆ కాలేజీ బంతిని పట్టుకుని పరుగెత్తే జట్టే తప్ప గాల్లోకి విసిరే జట్టు కాదు. సీజనంతా వెతికినా అతని వైపు విసిరిన బంతులు కొన్నే. వాటన్నిటినీ ఏరి నేను ఒక చిన్న రీలు చేశాను. దాని మీదే అతని బతుకు తేలాలి.

రీలు చూసిన రోజు గదిలో కోచ్‌లు ఇద్దరు, డైరెక్టర్, పెద్దాయన, ప్రొజెక్టర్ దగ్గర నేను. డైరెక్టర్ వయసులో పెద్దాయనకి కొడుకులాంటివాడు. మెళ్లో ఎప్పుడూ స్టాప్‌వాచ్ ఉండేది. నేను అట్ట పట్టుకున్నాను. కొన్ని బంతులు కుర్రాడు అందంగా అందుకున్నాడు. కొన్ని వదిలేశాడు. వానలో ఆడిన ఒక ఆటలో ఎడమ భుజం మీదుగా వచ్చినవి వదిలాడు. ఎండలో ఆడిన ఆటల్లో కుడి భుజం మీదుగా వచ్చినవి వదిలాడు.

"అటూ వదిలేశాడు, ఇటూ వదిలేశాడు" అన్నాడు డైరెక్టర్ లైటు వేస్తూ. "ఆ చేతుల్లో చంటిబిడ్డని కూడా పెట్టను."

"ఇంకోసారి వెయ్యండి" అన్నారు పెద్దాయన.

"ఎన్నిసార్లు వేసినా అదే కుర్రాడు, అవే చేతులు. మీరు కిందటి రెండేళ్లూ చెప్పినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో గుర్తుచేయమంటారా? ఒకడు ఇన్సూరెన్స్ అమ్ముకుంటున్నాడు."

"బాగానే అమ్ముతున్నాడు. నా కారుకి వాడి దగ్గరే తీసుకున్నాను."

కోచ్‌లు నవ్వారు. డైరెక్టర్ నవ్వలేదు. "ఈసారి కూడా తప్పితే మీకు ఇక్కడ వచ్చే ఏడు లేదు. నా మంచితనం కొద్దీ చెబుతున్నాను, ఈ పేరు కొట్టేయండి."

పెద్దాయన కొట్టేయలేదు. కొట్టేయనని కూడా అనలేదు. అట్టముక్క నా చేతిలోంచి తీసుకుని, చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు.

మర్నాడు ఆ రీలు విప్పి డబ్బాలో పెట్టేముందు, అతుకులు ఊడుతున్నాయేమోనని ఒక్కసారి ప్రొజెక్టర్‌లో నడిపాను. అతుకులు చూడడానికి అట్ట అక్కర్లేదు కదా. తెర మొత్తం కనిపిస్తోంది. వాన ఆట వచ్చింది. బురదలో ఎవరి నంబరూ ఆనడం లేదు, అతనొక్కడి ఎనభై ఎనిమిది తప్ప. బంతి విసిరేవాడు వెనక్కి అడుగులు వేసి, చెయ్యెత్తి విసిరాడు.

ఎడమ చేత్తో.

రీలు ఆపేశాను. వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. ఎండ ఆటల్లో అదే మనిషి కుడి చేత్తో విసురుతున్నాడు. వాన ఆటలో ఎడమ చేత్తో. అలాంటి మనిషి ఉండడు.

అప్పటి ఫిల్మ్‌కి రెండు అంచులా రంధ్రాలుండేవి. తెగినచోట అతికించేటప్పుడు ఎవరైనా పొరపాటున తిరగేసి అతికించినా ప్రొజెక్టర్‌కి తేడా తెలియదు. బొమ్మ అద్దంలోలాగా తారుమారై, కాస్త మసకగా నడుస్తుంది. ఆ మసకదనం వాన వల్లే అనుకుని నేను ఫోకస్ తిప్పాను. మిగతా నంబర్లు అద్దంలోలా తిరగబడి కనిపించి గుట్టు బయటపెట్టేవే, కానీ వాటిని బురద కప్పేసింది. ఇక ఎనభై ఎనిమిదిని అద్దంలో చూసినా ఎనభై ఎనిమిదే. కాలేజీవాళ్లు పంపిన ఫిల్మే అలా అతికి వచ్చింది. తేడా చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి, ఆ బంతి విసిరేవాడు. అతన్ని మేమే అట్ట పెట్టి దాచేశాం.

అంటే వాన ఆటలో అతను వదిలింది ఎడమ వైపు కాదు. అన్నీ కుడివైపే. మొత్తం రీలులో ఎడమ వైపు వచ్చిన బంతి ఒక్కటీ కింద పడలేదు.

పెద్దాయన గదికి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఏం చెప్పాలో మాటలు కూడబలుక్కుంటుంటే ఆయనే తలెత్తి, "ఏంటి కిడ్డో, ఏడుస్తున్నావా?" అన్నారు.

"లేదు. ఒకసారి రండి. అట్ట వద్దు."

చూశారు. రెండోసారి చూశారు. అట్టముక్కని మోకాలి మీద పెట్టి రెండుగా విరిచారు. తర్వాత చాలాసేపు నవ్వారు, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

"ఒక్క వైపే వదులుతున్నాడంటే అది చేతుల దోషం కాదు. వాడు ఎప్పుడూ లైనులో కుడి చివరే నిలబడ్డాడు. ఎప్పుడూ లోపలికే, ఎడమకే చూశాడు. బయటికి తిరిగి చూడడం ఎవరూ నేర్పలేదు. అలవాటు! అలవాటుని మార్చొచ్చు."

డైరెక్టర్ ఒకే ఒక్క అవకాశం ఇచ్చాడు. కాలేజీకి వెళ్లి కుర్రాడి చేత కుడివైపు బంతులు పట్టించి, ఫిల్మ్ తీసి తేవాలి. అది చూసి నిర్ణయం. కెమెరా పట్టే అతనికి జ్వరం. పెద్దాయన నా వైపు చూశారు.

ఇంట్లో చెబితే అమ్మ పొయ్యి ఆర్పేసి కూర్చుంది.

"ఒక్కదానివీ? మగమనిషితోనా? ఏ ఊరది?"

"పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తామమ్మా. ఆయనకి మనవలున్నారు."

"మనవలుంటే?"

నాన్న పెద్దాయన ఇంటికి ఫోన్ చేశారు. ఆయన భార్య ఏం చెప్పిందో తెలియదు, నాన్న నవ్వుతూ పెట్టేశారు. "ఆయనకి షుగర్ ఉందిట, దారిలో డోనట్లు తిననివ్వద్దని నీకు చెప్పమంది" అన్నారు. అమ్మ మర్నాడు ఇద్దరికి సరిపడా పులిహోర కట్టింది.

కాలేజీ మైదానంలో గాలి చెవులు కోసేస్తోంది. గట్టు కింద నది, నది ఒడ్డున ఉక్కు మిల్లు. పొగ లేదు, మూసేశారు. మిల్లు ముందు పార్కింగ్ అంతా ఖాళీ. కుర్రాడు మా కోసం ముందే వచ్చి ఒంటరిగా పరుగెత్తుతున్నాడు. ఎత్తుగా, బరువుగా ఉన్నా అడుగు చప్పుడు కావడం లేదు. దగ్గరికొచ్చి ముందు పెద్దాయనకి, తర్వాత నాకు చెయ్యి ఇచ్చాడు.

"మీరేనా మేడమ్, ఫిల్మ్ కత్తిరించేది?"

"అవును."

"కాస్త దయగా కత్తిరించండి."

నవ్వుతూనే అన్నాడు. పెదవులు మాత్రం ఎండిపోయి ఉన్నాయి.

వాళ్ల కాలేజీ కోచ్ బంతులు విసిరాడు. ముందు ఎడమ వైపు. అవి కుర్రాడి చేతుల్లోకి పక్షులు గూటికి చేరినట్టు చేరాయి. ఒకటి మరీ వెనగ్గా వచ్చింది. దాన్ని ఒంటి చేత్తో, తల పైనుంచి లాక్కున్నాడు. అప్పటిదాకా ఆ ఆటని నేను ఫిల్మ్ ముక్కల్లోనే చూశాను, గదిలో, చప్పుడు లేకుండా. బంతి అరచేతుల్ని తాకే చప్పుడు అంత మెత్తగా ఉంటుందని తెలియదు.

"ఇప్పుడు కుడి!" అని అరిచారు పెద్దాయన.

మొదటిది వదిలేశాడు. రెండోదీ. పెద్దాయన వెళ్లి భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పారు, తన ఒళ్లంతా తిప్పి చూపించారు. కుర్రాడు తలూపాడు. తర్వాతది పట్టాడు. ఆ తర్వాతదీ. పెద్దాయన చప్పట్లు కొట్టారు. "అదీ! అదీ కావాల్సింది! కిడ్డో, వచ్చిందా?"

వచ్చింది. కెమెరాలో కన్ను పెట్టుకుని ఉన్న నాకు వేరే సంగతి కూడా వచ్చింది. ఎడమకి చూసేటప్పుడు అతని గడ్డం భుజాన్ని తాకుతోంది. కుడికి చూసేటప్పుడు గడ్డం ఛాతీకి ఎదురుగానే ఉంది. మెడ తిరగడం లేదు. నడుము, భుజాలు, మొత్తం మనిషి తిరుగుతున్నాడు, తలుపు తిరిగినట్టు. బంతి పట్టిన ప్రతిసారీ కుడిచెయ్యి కిందకి వదిలి, నీళ్లు విదిలించినట్టు విదిలిస్తున్నాడు.

ఎండ ఆటల ముక్కల్లో కూడా అలాగే విదిలించేవాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ చెయ్యి విదిలింపులన్నీ పనికిరానివని నేనే కత్తిరించేదాన్ని, బంతి పడ్డాక ఉన్నదంతా తీసేయాలి కనుక.

మంచినీళ్ల కోసం అతను నా దగ్గరికి వచ్చాడు. నేను అతని కుడివైపు నిలబడి గ్లాసు అందించాను. అతను తల తిప్పలేదు. రెండు అడుగులు వేసి, నాకు ఎదురుగా వచ్చి తీసుకున్నాడు. తాగుతూ నా మొహం చూశాడు. నేను ఎప్పటిలాగే అతని బూట్లు చూశాను.

"మా నాన్న ఆ మిల్లులో చేశాడు" అన్నాడు గ్లాసు తిరిగి ఇస్తూ. "మా అన్నలూ అందులోనే. ఇప్పుడు అందరూ ఇంట్లోనే ఉన్నారు. నాకు ఇదొక్కటే ఉంది మేడమ్."

ఖాళీ గ్లాసు తీసుకుని కెమెరా దగ్గరికి వెళ్లిపోయాను. ఏమనాలో తెలిసినా అనలేకపోయేదాన్ని.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన మొదట ఉషారుగానే ఉన్నారు. "అలవాటే. చూశావుగా, చెప్పగానే పట్టాడు. నేర్చుకునేవాడు." స్టీరింగ్ మీద వేళ్లతో దరువేశారు. కొంత దూరం పోయాక దరువు ఆగింది. పులిహోర డబ్బా ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది, ఎవరం ముట్టుకోలేదు. కొండలు దిగి రోడ్డు చదునయ్యాక, ముందుకే చూస్తూ అడిగారు.

"కిడ్డో, నువ్వు కెమెరాలోంచి చూశావు. ఏం చూశావు?"

 నోరు మూసుకుని ఉండడమే నాకు తెలిసిన విద్య. ఆ ఒక్కసారి అదే అందరికీ మంచి చేసేలా ఉంది. అతనికి ఉద్యోగం, ఈయనకి ఇంకో ఏడు, నాకు ప్రశాంతత. బాగా పట్టాడండీ అంటే చాలు.

"అతని మెడ కుడికి తిరగడం లేదు" అన్నాను. "ఒళ్లంతా తిప్పుతున్నాడు. చెయ్యి తిమ్మిరెక్కుతున్నట్టుంది."

 కాస్త ముందు ఒక గ్యాస్ స్టేషన్, అదే పెట్రోలు బంకు, కనబడితే అందులోకి తిప్పి, ఒక పక్కన ఇంజన్ ఆపారు.

"నేనూ చూశాను" అన్నారు. "నువ్వు చూడలేదేమోనని ఆశపడ్డాను."

"ఎప్పుడు చూశారు?"

"కుడివైపు మొదటి బంతికే. నా వయసులో ఏ బంతికి చూస్తే ఏం? చూడకూడదనుకుంటే చూడనట్టే."

"మరి చప్పట్లు కొట్టారు..."

"బాగా పట్టాడుగా! అది అబద్ధమా?" ఆయన గొంతు ఒక్కసారి లేచింది. నేను తలుపు వైపు జరిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మెల్లగా మొదలుపెట్టారు. "విను. మంచి చేతులు అని రాస్తాను. అది నిజం. కుడివైపు నేర్పాలి అని రాస్తాను. అదీ నిజమే. మెడ సంగతి నన్నెవరూ అడగరు."

"డాక్టర్లు చూస్తారు కదా."

"చూస్తారు. అటు తిప్పు, ఇటు తిప్పు అంటారు. పళ్లు బిగించుకుని తిప్పుతాడు. ఈ కుర్రాళ్లందరూ తిప్పుతారు. ఫలానా చోట ఎక్స్‌రే తియ్యండి అని ఎవరైనా చెబితేనే తీస్తారు."

నాకు అంతకాలం కత్తిరించిన ముక్కలన్నీ కళ్ల ముందు నడిచాయి. "మనవాళ్లు తీసుకుంటే మొదటి ఏడాది అతని చేత ఏం చేయిస్తారు?" అన్నాను.

"ఏముంది, నెట్టడమే. బంతి తర్వాత సంగతి."

"నెట్టడం అంటే... తల ముందు పెట్టి."

ఆయన అద్దాలు పెట్టుకుని ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. గాలికి గ్యాస్ స్టేషన్ బోర్డు కిర్రుమంటోంది.

"నేను ఇప్పుడు ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆ కుర్రాడికి ఆ ఊళ్లో ఏమీ మిగలదు. ఈ మాట ఒక జట్టుకి తెలిస్తే అన్ని జట్లకీ తెలుస్తుంది. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసే చెప్పావా?"

"మీరు అడిగారు."

ఆయన నా వైపు తిరిగి చూశారు. కోపమో ఇంకేదో నాకు అర్థం కాలేదు. తలుపు తీసుకుని దిగి ఫోన్ బూత్‌లోకి వెళ్లారు. అద్దంలోంచి ఆయన వీపే కనబడుతోంది. ఒక చెయ్యి అద్దానికి ఆనించి, తల వంచుకుని చాలాసేపు మాట్లాడారు. మధ్యలో ఒకసారి ఎవరిమీదో అరిచారు. తిరిగి వచ్చి కారెక్కి తాళం తిప్పకుండానే అన్నారు.

"ఎక్స్‌రే తీస్తారు. ఎవరడిగినా డాక్టర్లే కనిపెట్టారని చెప్పు. అంతగా అడిగితే నేను చూశానని చెప్పు. నువ్వు కెమెరా పట్టుకున్నావు, అంతే. నీకు ముందు చాలా ఏళ్ల ఉద్యోగం ఉంది, కుర్రాడి జీవితం తీసిన పిల్లవని నీకు పేరు రాకూడదు." చెయ్యి చాపి, "ఆ పసుపు అన్నం ఇలా ఇవ్వు" అన్నారు.

స్పూన్ లేదు. చేత్తోనే తిన్నారు, మిరపకాయతో సహా, డబ్బా అడుగు కనబడేదాకా. కళ్లమ్మట నీళ్లు కారాయి. మిరపకాయ వల్లే అని నేను అనుకోవాలని కాబోలు, "మీ అమ్మ మనుషుల్ని చంపుతుంది" అన్నారు.

అతన్ని మా జట్టు డాక్టరు దగ్గరికి పిలిపించి తీసిన ఎక్స్‌రేలో మెడ దగ్గర ఎప్పటిదో పాత దెబ్బ బయటపడింది. ఎముక సరిగ్గా అతకలేదు. ఇంకో గట్టి దెబ్బ తగిలితే చేతులూ కాళ్లూ పోవచ్చని డాక్టరు అన్నాడట. తగలకపోతే ఏమీ కాకపోవచ్చని కూడా అన్నాడట. ఈ రెండో మాట చాలా ఏళ్లు నన్ను వదల్లేదు. ఎంపికల రోజున ఫిల్మ్ గదిలో కూర్చుని, స్పీకర్‌లో ఒక్కొక్క పేరే చదువుతుంటే విన్నాను. ఎవరో ఒకరు, ఏదో ఒక జట్టు, ఏమీ తెలియక అతని పేరు చదువుతారేమోనని నాకు ఆశ. చదివితే మంచిదో కాదో తెలియకుండానే ఆశ. ఎవరూ చదవలేదు.

డైరెక్టర్ చెప్పినట్టే పెద్దాయనకి మరో ఏడు లేకపోయింది. వెళ్లేముందు విరిచిన అట్టముక్కలో ఒక సగం నా బల్ల మీద పెట్టి, "సగమే వాడుకో. సగం తెర ఎప్పుడూ కనబడాలి" అన్నారు. ఆయన మిరపకాయ కథ ఊరంతా చెప్పేవారట, కారు కథ మాత్రం కాదు. ఎనభై ఎనిమిది వాళ్ల ఊరి బడిలోనే టీచరై, పిల్లలకి ఆట నేర్పుతున్నాడని కొన్నేళ్ల తర్వాత ఆయనే ఫోన్ చేసి చెప్పారు. "కుడివైపు చూడడం నేర్పుతున్నాడా?" అన్నాను. "మెడ తిప్పి చూడమంటాడట, తిప్పలేనివాణ్ణి ఇంటికి పంపేస్తాడట" అన్నారు.

ఉద్యోగంలో కొత్తగా చేరిన మీకు దీన్నుంచి ఏదైనా నీతి చెప్పాలని చాలాసేపు ఆలోచించాను. జరిగిన ఆటని ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి చూడొచ్చు. జరగని ఆటకి ఫిల్మ్ ఉండదు. అతన్ని మేం కాపాడామో, అతని దగ్గరున్న ఒక్కటీ లాక్కున్నామో చెప్పగలిగే ముక్క ఏ డబ్బాలోనూ లేదు. అడిగారు, చూసింది చెప్పాను. ఇప్పటికీ నాకు అంతవరకే తెలుసు.

అయితే ఎక్స్‌రే తీసిన రోజు సాయంత్రం సంగతి మిగిలింది. డాక్టరు దగ్గర్నుంచి అతను తిన్నగా ఫిల్మ్ గదికి వచ్చాడు. గుమ్మానికి తల తగలకుండా వంగాడు, అదీ మొత్తం ఒళ్లంతా వంచి. నా గదిలోకి ఆటగాళ్లెవరూ వచ్చేవారు కాదు. వేలాడుతున్న ఫిల్మ్ ముక్కల మధ్య ఎటు నిలబడాలో తెలియక నిలబడ్డాడు.

"డాక్టరు తిన్నగా అక్కడే తీశాడు మేడమ్" అన్నాడు. "ఎక్కడ తియ్యాలో ముందే తెలిసినట్టు. ఎవరు చూశారు?"

పెద్దాయన చెప్పమన్న మాట నాకు గుర్తుంది. డాక్టర్లే కనిపెట్టారు. అంత తేలిక. గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఒక మనిషి బూట్లు వదిలేసి మొహం చూశాను.

"ఇద్దరం చూశాం."

 ప్రొజెక్టర్ ఫ్యాన్ ఒక్కటే తిరుగుతోంది. అరుస్తాడేమో అనుకున్నాను. అరిస్తే బాగుండుననీ అనుకున్నాను. అతను గాలి వదిలి, తలూపాడు, ఊపగలిగినంత.

"పట్టినవి కూడా చూశారా?"

"చూశాను. ఎడమ వైపు ఒక్కటీ వదల్లేదు. ఆ ఒంటి చేత్తో పట్టింది కూడా చూశాను."

అతని మొహంలో ఏదో చిన్నగా వెలిగి ఆరిపోయింది. గుమ్మం దాకా వెళ్లి, నా వైపు చూడడానికి మొత్తం మనిషి వెనక్కి తిరిగాడు.

"అయితే వాటిని మాత్రం కత్తిరించకండి మేడమ్."